గిరిలో పట్టని లెక్క

చంద్రగడ్డ కోటలో పాఠశాల నడిపే మార్తాండశర్మగారికి ప్రశ్న అంటే గిట్టదు. ఏ శాస్త్రమైనా ఆయన చెప్పాలి, పిల్లలు గొంతు కలిపి అప్పజెప్పాలి. ఒకరోజు రాజుగారి ఎదుట పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు.

"ఒకడు ఎనిమిది రోజుల్లో బావి తవ్వితే, ఎనిమిది మందికి ఎన్నాళ్లు?"

"ఒక్క రోజు!" గది దద్దరిల్లింది.

కోటలో నీళ్లకు కటకటగా ఉంది. రాజుగారు పొంగిపోయి, బావులు తవ్వే ఎల్లమందను పిలిపించారు.

"ఎనిమిది మంది దిగండి. రేపు సాయంత్రానికి నీళ్లు పడకపోతే కొరడా దెబ్బలే."

మర్నాడు రాజుగారు చూస్తుండగా ఎల్లమంద పాఠశాల ముందే బావి కొలతకు నేల మీద గుండ్రంగా గిరి గీశాడు. అందులో గునపాలతో ఇద్దరు నిలబడ్డారు. మూడోవాడు రాగానే గునపం ఎత్తే చోటు లేకపోయింది.

"శర్మగారూ, మిగతా ఐదుగుర్ని ఎక్కడ నిలబెట్టమంటారు?"

ఆయన గిరి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. వెనక నుంచి పిల్లలు అందుకున్నారు.

"ఇద్దరు తవ్వితే మిగతావాళ్లు మట్టి లాగొచ్చుగా!"

"అలిసినవాళ్లను మార్చొచ్చు!"

"అసలు ఇక్కడ నీళ్లున్నాయని ఎవరు చూశారు?"

శర్మగారు పిల్లల వైపు తిరిగారు. ఇరవై ఏళ్లుగా తాను నోరు మూయించిన పిల్లల్లో ఇన్ని ఆలోచనలున్నాయా!

రాజుగారు కొరడా మాటే మరిచిపోయారు. "ఎల్లమందా, నువ్వూ ఇక్కడ పాఠం చెప్పు. ఏ శాస్త్రం చెబుతావు?"

"నాకు ఏ శాస్త్రమూ రాదు దొరా. లెక్కయినా వైద్యమైనా అయ్యగారే చెబుతారు. అది నేల మీద నిలుస్తుందో లేదో పిల్లల్ని నిలబడి చూడమంటాను."

"ముందు నన్ను నిలబెట్టు," అంటూ శర్మగారు పావుకోళ్లు విడిచి గిరిలోకి అడుగుపెట్టారు.