గోడలో దాగిన కొయ్య బిరడా

అనగనగా ఒక ఏరు. ఏటి వంపులో ఒక ఊరు, పేరు నీలవాక. ఆ ఊరికో రాజు, రాజుకో కోట, కోట దిగువన ఏటి ఒడ్డున ఒక వైద్యురాలి ఇల్లు. రాజుగారెక్కడికీ పోరుగాని, ముందు ఆ ఇంట్లోకి వెళ్దాం రండి.

వైద్యురాలి పేరు చెంగల్వ. ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఆమె గుమ్మమే ఎక్కేవారు. ఏటా వానాకాలంలో ఏరు పొంగి ఆ ఇంట్లోకి నడుంలోతు నీళ్లు వచ్చేవి. నీళ్లు తగ్గాక ఊరంతటికీ చలిజ్వరం పట్టుకునేది.

కిందటేడు వరద ఉన్నట్టుండి వచ్చిపడింది. నేలమీది మందుల జాడీలన్నీ కొట్టుకుపోయాయి. వెనకే జ్వరం వచ్చి ఎందరినో పొట్టన పెట్టుకుంది. చెంగల్వ కొడుకూ కోడలూ కూడా పోయారు. చేతిలో వైద్యం ఉంది, జాడీలో మందు లేదు! ఆ తల్లి ఎంత కుమిలిపోయి ఉంటుందో మీరే అనుకోండి. ఆమెకు మిగిలింది పసిపిల్ల మనవరాలు పున్నాగ ఒక్కతే.

"ఈ ఏడు మందు నీళ్లపాలు కానివ్వను. మందు పోతే నా పున్నాగ కూడా నాకు దక్కదు" అనుకుంది చెంగల్వ. ఏడాది పొడుగునా ఆకూ వేరూ ఏరి, నూరి, జాడీలు నింపింది. వాటికోసం టేకు చెక్కతో ఒక బీరువా చేయించింది. గోడకు ఎత్తుగా తగిలిస్తే వరద అందుకోలేదు కదా!

ఈ సంగతి రాజు చిత్రభానుడి చెవిన పడింది. మంచివాడే పాపం, కాస్త ఆర్భాటం ఎక్కువ. "ఊరిని కాపాడే మందులు! వాటిని నేను దగ్గరుండి పెట్టిస్తాను" అంటూ పరివారంతో దిగాడు. ఖజానానుంచి బంగారు మరమేకులు తెప్పించాడు. మరమేకులంటే తెలుసుగా, ఒంటినిండా మెలికలుండి, తిప్పితే లోపలికి దిగే మేకులు.

"ఇదిగో, గోడకు నట్టనడుమ, ఇక్కడ బిగించండి!" అని రాజు వేలు చూపించాడు.

సరిగ్గా అప్పుడే ఆ గోడలోంచి ఒక బల్లి పలికింది. కిచ్ కిచ్ కిచ్!

"సత్యం! సత్యం!" అన్నారు అందరూ. మనవాళ్ల అలవాటు మీకు తెలియందా, మాటకు బల్లి పలికిందంటే ఆ మాట నిజమైనట్టే.

బంగారు మేకులు ధగధగలాడుతూ గోడలోకి దిగాయి. బీరువా ఎక్కించారు. అంతే, మెత్తని బంగారం వంగిపోయింది. బీరువా దబ్బున కిందపడింది. అదృష్టం బాగుండి అది అప్పటికి ఖాళీది.

ఇంకేం, సేనాపతి గండభేరి మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. ఆయన తెచ్చినవి ఇనుప మరమేకులు, ఒక్కొక్కటి మూరెడు పొడుగు. "ఇనుము ముందు గోడెంత మహారాజా! మళ్లీ అక్కడే దించుతాను, చూడండి" అన్నాడు.

కిచ్ కిచ్ కిచ్!

"సత్యం! సత్యం!"

ఆ మేకులు ఎంత సులువుగా దిగాయో! రెండు తిప్పులు తిప్పేసరికి మొదలంటా వెళ్లిపోయాయి. "చూశారా నా ఇనుము పదును!" అని సేనాపతి పొంగిపోయాడు. ఆ సంబరంలో బీరువా ఎక్కించి, సగం జాడీలు కూడా సర్దేశారు.

గోడ ఒక్కసారి గరగరమంది. మేకులు, వాటితోపాటు మట్టి పెళ్లలు, వాటి వెనక బీరువా, అన్నీ కుప్పకూలాయి. ఏడాది కష్టం సగానికి సగం నేలపాలైంది. బయట చూస్తే కొండల మీద ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. చెంగల్వ నేలమీద చతికిలబడింది. పున్నాగను ఒళ్లోకి లాక్కుని భోరుమని ఏడ్చింది.

ఇంత జరిగినా బుద్ధొచ్చిందా? లేదు! "ఇంకా పెద్ద మేకులు తెండి, మళ్లీ అక్కడే కొడదాం" అన్నాడు సేనాపతి. కిచ్ కిచ్ అంది బల్లి. "సత్యం..." అని అందరూ మళ్లీ నోళ్లు తెరిచారు.

"ఆగండి!" అని కళ్లు తుడుచుకుని లేచింది చెంగల్వ. "సత్యం సత్యం అంటున్నారే గాని, అదేమంటోందో ఒక్కరైనా అడిగారా?" గోడ దగ్గరికి వెళ్లి మెల్లగా పిలిచింది. "ఏమ్మా బల్లీ, ఎందుకలా అరుస్తున్నావు?"

పగుల్లోంచి బల్లి తల బయట పెట్టింది. "హమ్మయ్య! ఇన్నాళ్లకు అడిగే దిక్కు దొరికింది! నా కొంప కూల్చకండి మొర్రో అని నేను మొత్తుకుంటుంటే సత్యం సత్యం అంటారేమిటమ్మా? పిల్లల్ని వేసుకుని నేనెక్కడికి పోను?"

రాజు నాలుక కరుచుకున్నాడు. సేనాపతి తల దించుకున్నాడు. చెంగల్వ మాత్రం గోడవంకే చూస్తూ ఉండిపోయింది.

"గోడలో నువ్వు కాపురం ఉన్నావంటే, లోపలంతా బోలేనన్నమాట!"

"బోలే మరి. ఎప్పటిదో పాత గుమ్మం. ఎవరో పైపైన మట్టితో పూడ్చి సున్నం కొట్టారు. నువ్వు కావాలంటే ఆ చూరులో చోటు చూసుకుంటాలే, అడిగావు కనక" అని బల్లి పిల్లల్ని తీసుకుని పైకి పాకింది.

"సున్నం కింద అంతా ఒకేలా ఉంది. గట్టి చోటేదో ఎలా తెలుస్తుంది తల్లీ?" అన్నాడు రాజు.

"పొట్ట ఉబ్బిన బిడ్డ కడుపులో ఏముందో తట్టి తెలుసుకుంటాను మహారాజా. ఇదీ అంతే."

చెంగల్వ వేలితో గోడను తట్టింది. డబ్ డబ్. పక్కన తట్టింది. డబ్ డబ్. ఇంకాస్త జరిగి తట్టింది. టక్! టక్! ఔరా, మూగదనుకున్న గోడ మాట్లాడుతోంది! ఊపిరి బిగబట్టి విన్నారందరూ.

"ఇక్కడ కాల్చిన ఇటుక ఉంది" అంది చెంగల్వ. అక్కడ కన్నాలు తొలిపించింది. వేపకొయ్యతో బిరడాలు చెక్కించింది. మొదటి బిరడా సన్నమై, పెట్టగానే జారి కిందపడింది. రెండోది లావై, రెండు దెబ్బలకే ఇటుక చిట్లబోయింది, వెంటనే తీయించింది. మూడోది సుత్తితో మెల్లగా తట్టేకొద్దీ బిగువుగా లోపలికెళ్లి, గోడతో సమంగా కూర్చుంది. మిగతా కన్నాలకూ అదే కొలతతో బిరడాలు దించారు.

తర్వాత మామూలు ఇనుప మరమేకు ఒకటి ఏరింది. "బీరువా వెనక పలకను దాటి, బిరడా చివరిదాకా అందాలి. అంతకుమించి పొడుగెందుకు?" అంది.

బీరువాను ఎత్తి గోడకు ఆనించి పట్టుకున్నారు. మేకు తిప్పుతుంటే మొదట సులువుగా వెళ్లింది. తర్వాత బరువెక్కింది. ఆఖరికి కిర్రుమంది. ఆ మేకు దిగేకొద్దీ లోపల కొయ్య నలువైపులా విచ్చుకుని ఇటుకను కరుచుకుంటోంది. మిగతా మేకులూ అలాగే బిగించారు. సేనాపతికి నమ్మకం కుదరక, రెండు చేతులతో బీరువా పట్టుకుని కాళ్లు పైకెత్తి వేలాడాడు. ఎంత భారీ మనిషి! బీరువా ఇసుమంతైనా కదల్లేదు. ఇంకేం, మిగిలిన జాడీలన్నీ అందులో సర్దేశారు.

మర్నాడే ఏరు పొంగింది. చెంగల్వ పున్నాగను ఎత్తుకుని అటకెక్కింది. నీళ్లు గుమ్మం దాటాయి, కిటికీ ముంచాయి, బీరువా అడుగును తాకాయి. గోడ తడిసి నల్లబడింది. 'ఊడుతుందేమో, ఇప్పుడే ఊడుతుందేమో' అని ఆమె పైనుంచి బీరువావంకే చూసింది. ఊడలేదు. తడి తగిలిన కొయ్య ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకుంది!

నీళ్లు తగ్గాయి. అనుకున్నట్టే జ్వరం వచ్చింది, మొట్టమొదట పున్నాగకే వచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. చెంగల్వ బురదలో నిలబడి బీరువా తలుపు తీసింది. జాడీలన్నీ పొడిపొడిగా ఉన్నాయి. మందు నూరి పిల్ల నోట్లో పోసింది. పొద్దు వాలేవేళకు పున్నాగ కళ్లు తెరిచి, "నానమ్మా, ఆకలేస్తోంది" అంది. చెంగల్వ ఏడుస్తూనే నవ్వింది. ఆ మందే ఊళ్లో ప్రతి గడపకూ వెళ్లింది. ఆ ఏడు నీలవాకలో ఒక్క ప్రాణమూ పోలేదు.

రాజు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. "తల్లీ, ఊరి ప్రాణాలన్నీ మోసిన ఆ బిరడాను నాకొక్కసారి చూపించు. బంగారు పళ్లెంలో పెట్టి ఊరేగిస్తాను" అన్నాడు.

"చూడాలంటే పీకాలి మహారాజా. పీకితే బీరువా పడిపోతుంది."

రాజు గోడ దగ్గరికి నడిచాడు. దానిమీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత కిరీటం తీసి, కంటికి కనబడని ఆ కొయ్యముక్కకు చేతులు జోడించాడు.

అందుకే పిల్లలూ, బరువు ఎత్తేముందు చోటు ఎలాంటిదో తెలుసుకోవాలి, ఆ చోటికి సరిపోయినదాన్నే ఎంచుకోవాలి.