గంపలవారి పిల్లాడు

అనగనగా అంటాను, ఊఁ అనండి. కునికిపాట్లు పడేవాళ్ళకి నేను కథ చెప్పను.

అనగనగా ఒక ఊళ్ళో సన్యాసమ్మ అని ఓ పెద్దింటి కోడలు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోయేవాడు. ఒకడు పోయాడు, రెండోవాడు పోయాడు, మూడోవాడూ పోయాడు. నాలుగోవాడు పుట్టగానే అత్తగారు అంది కదా, "బీదింట్లో ఇచ్చేసి, తవుడుకి కొనుక్కోవే. మనింటి బిడ్డ కాదనుకుని చావు దాటిపోతుంది."

ఊరి చివర గంపలల్లే నూకాలుంది. ఇంటిపేరు కూడా గంపలే. మొగుడు లేడు, పిల్లల్లేరు. బిడ్డని ఆవిడ చేటలో పెట్టారు. నూకాలు ఎత్తుకుని ముద్దాడింది. చారెడు తవుడు పుచ్చుకుని తిరిగిచ్చేసింది.

"అమ్మగోరూ, నాతోటే మా ఇంటిపేరు ఆరిపోద్ది. బాబుకి అదే పేరెట్టండి. నాకింకేటీ వద్దు."

"ఒట్టు" అంది సన్యాసమ్మ. గంపలయ్య అని పేరు పెట్టింది. పిల్లాడు బతికాడు. బతకడమా, గుండ్రాయిలా తయారయ్యాడు!

అప్పుడు పట్టుకుంది ఆవిడకి సిగ్గు. పేరంటాలకి వెళ్తే, "గంపలయ్యా? అదేం పేరమ్మా!" అని ముసిముసి నవ్వులు. మెల్లిగా రాజగోపాలం అని మార్చేసింది. ఎవరూ లేనప్పుడు మాత్రం, చావుకి భయపడి, గదిలో పాతపేరుతోనే పిలిచేది.

నూకాలు పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చేది. మొదటిసారి పని ఉందని సన్యాసమ్మ పంపేసింది. రెండోసారి నిద్రపోతున్నాడంది. మూడోసారి ఇంటినిండా చుట్టాలు. నూకాలు గుమ్మం ముందు నిలబడి "గంపలయ్యా!" అంది. "ఆఁ" అంటూ పరిగెత్తుకొచ్చాడు పిల్లాడు. సన్యాసమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"ఎవర్నే పిలుస్తున్నావు? ఆ పేరుగలవాడు ఈ ఇంట్లో లేడు."

నూకాలు పిల్లాణ్ణి చూసింది. చుట్టాల్ని చూసింది.

"అవునమ్మగోరూ. ముసిల్దాన్ని, ఇల్లు పొరబడ్డాను" అని వెళ్ళిపోయింది.

తన పరువు కోసం ఆ ముసలమ్మ అబద్ధమాడింది! సన్యాసమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. రేపెళ్ళి కాళ్ళు పట్టుకుంటాననుకుంది. ఆ రేపు మళ్ళీ రేపయింది. ఇంతలో వానలు పడ్డాయి, జ్వరమొచ్చి నూకాలు పోయింది.

పాడె లేపేముందు, నిప్పు పట్టేవాడి కోసం ఇంటిపేరు పెట్టి మూడుసార్లు పిలవడం ఆ ఊరి ఆచారం. కులపెద్ద వీధిలో నిలబడి కేకేశాడు. "గంపలవారి ఇంట ఎవరైనా ఉన్నారా?"

మొదటి కేకకి సన్యాసమ్మ తన గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. రెండో కేకకి ఇరుగుపొరుగు మొహాలు చూసి తల దించుకుంది. మూడో కేకకి పిల్లాణ్ణి చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది.

"ఉన్నాడు! వీడి పేరు గంపలయ్య! ఆవిడ కొడుకు! లేడన్నది నేనే, నా నోరు పడిపోను!"

ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ పసివాడి చేతే నిప్పు పట్టించారు.

సన్యాసమ్మని తర్వాత ఎవరైనా మెచ్చుకోబోతే, చెంగు మొహానికి అడ్డం పెట్టుకునేదట. "ఆవిడ వినేటప్పుడు పిలవలేదే!" అని ఏడ్చేదట.

ఇప్పటికీ అక్కడ వీధికో గంపలయ్య, వీధికో గంపలమ్మ. బారసాలనాడు ఏ పేరు పెట్టినా, ముందుగా తల్లి బిడ్డని వీధిలోకి తెచ్చి "గంపలా!" అని మూడుసార్లు పిలవాలి. గొణిగితే పెద్దవాళ్ళు ఊరుకోరు. వీధి చివరి ఇంటికి వినబడేదాకా మళ్ళీ పిలిపిస్తారు.