గోడకు అవతలి మనిషి

జీవరత్నం అయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్ల ముఖంలోకి కాసేపు చూసి, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన దగ్గర సువార్త పనికి తర్ఫీదు పొందుతున్న కెజియా, జ్వరం వచ్చి తోటివాళ్లతో ఊళ్లకు వెళ్లలేకపోయిన రోజున అడిగింది: "నలుగురి దగ్గరికీ వెళ్లలేనప్పుడు మనం సేవకులమని ఎలా అనుకోవడం అయ్యగారూ?"

అయ్యగారు కరోనా నాటి సంగతి చెప్పారు.

అభిషిక్తం అనే యువకుడు తుని నుంచి సీతంపేట కొండల్లోకి సేవకు బయలుదేరాడు. పట్నం నుంచి వచ్చాడని కొండ దిగువనే ఆపి, మూతపడిన బడిలో ఒక గదిలో ఉంచారు. పక్క గదిలో సుక్కయ్య అనే సవర తెగ మనిషి ఉన్నాడు. విశాఖలో కట్టుబడి పనులు ఆగిపోతే, మంచాన పడ్డ తల్లిని చూసుకుందామని నడిచి వచ్చాడు. అతని ఊరు ఎదుటి కొండవాలులోనే, కిటికీలోంచి కనబడుతుంది. వెళ్లనివ్వలేదు.

రెండు గదుల మధ్య గోడకు పైన గాలి కోసం విడిచిన సందు ఉంది. అది దేవుడు తనకోసం తెరిచిన ద్వారమనుకున్నాడు అభిషిక్తం. పొద్దున్నే లేచి, బట్టలు ఉతుక్కుని, గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిన అంబలి తాగి, అవతలికి వినబడేటట్టు పాట ఎత్తుకునేవాడు. తర్వాత వాక్యం, ఆ తర్వాత ప్రార్థన. సుక్కయ్య ఔననలేదు, కాదనలేదు. రోజులు గడిచేకొద్దీ అభిషిక్తం గొంతు పెరిగింది గాని లోపల ఏదో తరిగిపోయింది. పెదవులు పాట పాడుతుంటే మనసు మధ్యాహ్నం కూర ఏమిటా అని ఆలోచించేది. అది తెలిసి సిగ్గుపడి, ఇంకా గట్టిగా పాడేవాడు.

ఒకనాటి ఉదయం అంబలి తెచ్చిన మనిషి దూరం నుంచే సుక్కయ్యకు కబురు చెప్పాడు. తల్లి పోయింది. సుక్కయ్య గేటుదాకా పరుగెత్తి బతిమాలాడు. కాపలా ఉన్నవాళ్లు తల దించుకున్నారు గాని గేటు తియ్యలేదు.

మధ్యాహ్నానికి ఎదుటి కొండ మీద పొగ లేచింది. అభిషిక్తం కిటికీలోంచి చూశాడు. ఇలాంటి వేళకని కంఠతా పట్టిన వాక్యం అతని దగ్గర ఉంది. గోడ దగ్గరికి వెళ్లి, "అన్నా, దేవుడు నీకు తోడుగా..." అని మొదలుపెట్టాడు.

"ఏటీ సెప్పకు బాబూ," అన్నాడు సుక్కయ్య. "అక్కడే కూకో. ఎల్లిపోకు."

అభిషిక్తం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాటలు లేకుండా ఒకరి దగ్గర కూర్చోవడం అతనికి అలవాటు లేదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూస్తే నోట ఒక్క ముక్క రాలేదు. ఇన్నాళ్లూ తాను ఎవరితో మాట్లాడుతున్నట్టు అని మొదటిసారి భయం వేసింది.

కాసేపటికి అవతలి నుంచి వినబడింది. "ఉన్నావేటి బాబూ?"

"ఉన్నానన్నా."

మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. అన్నం గిన్నెలు వచ్చి గుమ్మాల దగ్గరే చల్లారిపోయాయి. పొగ పలచబడింది. ఎండ వాలుతుండగా మరోసారి అడగబోయి సుక్కయ్య భోరున ఏడ్చాడు. అభిషిక్తానికీ ఏడుపు ఆగలేదు. గోడకు అరచెయ్యి ఆనించి, "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉన్నాడు. ఆ మాట తానొక్కడే అంటున్నట్టు అతనికి అనిపించలేదు.

మర్నాడు పొద్దున అతను పాడలేదు. "నిద్ర పట్టిందా అన్నా?" అని అడిగాడు. సుక్కయ్య చాలాసేపు తల్లి గురించి చెప్పాడు, కొండ మీది పోడు చేలో ఆమె చిక్కుడు తీగను ఎంత ముద్దుగా పాకించేదో చెప్పాడు. అభిషిక్తం విన్నాడు.

అయ్యగారు అక్కడితో ఆపేశారు. కెజియా ఇంకా ఏదో ఉందనుకుని ఎదురుచూసి, చివరికి తనే అడిగింది. "మరి ఆయన దేవుణ్ణి నమ్ముకున్నాడా అయ్యగారూ?"

"ఇద్దరిలో ఎవరి సంగతమ్మా నువ్వు అడుగుతున్నది?" అన్నారు అయ్యగారు.