దుంపల బండికి తలంటు

అనగనగా ఒక ఊరు బంగారూ. ఆ ఊళ్ళో కోడి కూతకి ఎవరూ లేవరు, రైలు కూతకి లేస్తారు. ఆ ఊరి పేరు బిట్రగుంట. అక్కడ రైల్వే క్వార్టర్సులో హైమ అని ఒకావిడ ఉండేది. ఆవిడ గూడ్సు బండికి గార్డు. బండి చిట్టచివరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపేది.

ఊఁ కొడుతున్నావా? ఊఁ కొట్టు మరి.

హైమకి ఒక పిచ్చి ఉండేది. పొద్దంతా పెద్ద బండ్లతో వేగి ఇంటికొచ్చి, చిన్న బండ్లతో ఆడుకునేది. ఆడుకోవడం అంటే ఆవిడకి కోపం, నడపడం అనాలి. పక్కగదిలో గోడ నుంచి గోడ దాకా ఒక బల్ల. ఆ బల్ల మీద ఐర్లండు దేశం. పచ్చటి గుట్టలు, రాతి వంతెన, వానకి తడిసిన స్టేషను. బయట ఎండకి రోడ్డు కరుగుతుంటే, ఆ గదిలో మాత్రం ఎప్పుడూ ఇప్పుడే వాన వెలిసినట్టుండేది.

"మన రైళ్ళు చాల్లేదా తల్లీ, ఆ పరాయి దేశం రైళ్ళెందుకు నీకు?" అని ఇరుగుపొరుగు ఎత్తిపొడిచేవాళ్ళు.

"రోజూ తినే అన్నమే పండక్కీ తింటారా మీరు?" అనేది హైమ.

ఆ పిచ్చి ఎలా పట్టిందంటే, హైమ చెల్లెలు సుగుణ ఐర్లండులో నర్సు. సుగుణ చూసుకునే ముసలాయన పేరు పాట్రిక్. ఆయన ఒకప్పుడు ఇంజను డ్రైవరు. చక్కెర దుంపల బండి నడిపేవాడు. బీట్‌రూట్‌కి తెల్లటి అక్కలా ఉంటుందట ఆ దుంప. పిండితే చక్కెర వస్తుందట. కొన్నాళ్ళకి చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు ఆ పెట్టెలన్నీ తుక్కుకింద పోయాయి. ఇప్పుడు ఆయన చూపు కూడా రోజురోజుకీ మసకబారుతోంది.

"కళ్ళు పూర్తిగా పోకముందే నా ఆఖరి దుంపల బండిని ఒక్కసారి చూడాలి" అన్నాడట ఆయన.

అప్పుడు, నేను చూపిస్తానని హైమ మాట ఇచ్చింది. జానెడు ఇంజను తెప్పించింది, ఒళ్ళంతా నారింజ రంగు, మధ్యలో నల్లపట్టీ. బెత్తెడేసి పెట్టెలు తెప్పించింది, ఒకదాని మీద ఒకటి అతికించిన రెండంతస్తుల పెట్టెలు. అవన్నీ కొత్తవి, తెల్లగా తళతళలాడుతున్నాయి. పాట్రిక్ ఫోన్లో గుర్తు చేసుకుని చెబుతుంటే, ఆ తళతళ మీద హైమ నెలల తరబడి మురికి వేసింది. తుప్పు ఎక్కడుండేదో అక్కడ తుప్పు, బురద ఎక్కడుండేదో అక్కడ బురద. ఫలానా ఆదివారం సాయంత్రం ఫోన్లో చూపిస్తానంది. రంగు ఊడకుండా పైన వేసే వార్నిషు పూత ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ వారమే హైమ అత్తగారు పెంచలమ్మ కోవూరు నుంచి వచ్చింది.

పెంచలమ్మ సంగతి చెప్పాలంటే, మురికికీ ఆమెకీ పుట్టుపగ. బయటినుంచి వచ్చిన కొబ్బరికాయని కూడా కడిగి, తుడిచి, అప్పుడు కొట్టేది. వచ్చిన రోజే తుప్పు పట్టిన బకెట్టుని ప్రహరీ అవతలికి విసిరింది. మర్నాడు దేవుడి గూట్లో మసి అంతా గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనీ విసిరింది. ఆ మర్నాడు హైమ డ్యూటీ బూట్లకి అంటిన బురద గోకి, దాన్నీ గోడవతల పోసింది.

ఆ తర్వాత ఇంట్లో కడగడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు పక్కగది తలుపు తీసింది.

"అయ్యో, గార్డుద్యోగం చేస్తా ఇల్లు పట్టించుకునే తీరికే లేదు బిడ్డకి. బొమ్మలన్నీ ఎట్టా జిడ్డు కట్టిపోయుండాయో!" అనుకుంది. ఇంజన్ని మాత్రం కరెంటు కొడుతుందేమోనని ముట్టుకోలేదు. పెట్టెలన్నిటికీ కుంకుడు రసంతో తలంటు పోసింది. పెరట్లో పాత చీర పరిచి వడియాల్లా ఆరబెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం హైమ డ్యూటీ దిగి వచ్చింది. పెరట్లోకి చూసింది. చేతిలో జెండాలు అట్లాగే జారిపోయాయి. గడప మీద కూలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏందిమే, ఏడస్తా ఉండావా? మురికి పోయిందిగదా!" అంది పెంచలమ్మ.

"అది మురికి కాదత్తా. నేను వేసిన రంగు."

"మురికెవరన్నా వేస్తారంటమే?"

"నేనేశాను! శుభ్రంగా ఉన్నదే నిజం అని ఎవరు చెప్పారు నీకు? దుంపలు పీకేది చలికాలం. బురద చేలోంచి తెచ్చి నింపుతారు. రోజూ వాన. అతుకు దగ్గర తుప్పు కారుతుంది. ఇంజను పొగ ముందు పెట్టెలకి పడుతుంది. ఆ ముసలాయన చూపు మురికిలోనే ఆ బండిని గుర్తు పట్టేది. ఈ తెల్లటి పెట్టెలు చూపిస్తే, ఇవెవరివి తల్లీ అంటాడు. పొద్దు వాలితే ఫోను చేస్తారత్తా. మళ్ళీ వెయ్యడానికి నాకు నెలలు కావాలి."

పెంచలమ్మ ఒక పెట్టెని చేతిలోకి తీసుకుంది. ఆరిపోయి, ముత్యంలా మెరుస్తోంది. ఆమె పనే, ఎంత బాగా చేసింది!

అప్పుడు లేచి, కొంగు దోపుకుని, గేటు తీసుకుని గోడవతలికి పోయింది. పోయి, తను విసిరినవన్నీ ఏరుకొచ్చింది. తుప్పు బకెట్టు. మసి గుడ్డ. బూట్ల బురద.

"లేమే. ఏడుపు తర్వాత. మురికి ఎట్టా పడతదో నాకంటే ఎవరికి తెలుసు? పుట్టినకాడ్నించి దాంతోనే గదా నా తగాదా!"

బకెట్టు గోకి తుప్పు పొడి తీసింది. నీళ్ళలో కలిపి, చీపురు పుల్లతో అతుకు దగ్గర ఒక్క చుక్క పెట్టింది. చుక్క తనంతట తాను కిందికి జారి గీతయింది. "వాన నీళ్ళు పైనుంచి కిందికే గదా పోతాయి" అంది. ఆ తర్వాత బురదలో టీ డికాషను కలిపి, గుడ్డతో కిందనుంచి పైకి అద్దింది. "చక్రం చిమ్మితే కిందినుంచే గదా ఎగిరేది" అంది. ఆ తర్వాత మసి. ఇంజను పక్క పెట్టెకి చిక్కగా, దాని వెనక దానికి పల్చగా, ఆ వెనక దానికి ఇంకా పల్చగా.

హైమ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తను నెలలు పడి నేర్చుకున్నది అత్తగారి వేళ్ళకి అప్పటికే వచ్చు. ఇన్నేళ్ళూ తీస్తూ వచ్చినదాన్ని ఇప్పుడు పెడుతున్నాయి, అంతే తేడా.

పొద్దు వాలింది. హైమ పెట్టెలు పట్టాల మీద పెడుతుంటే ఒకటి తెల్లగా కనిపించింది.

"అత్తా, ఇది మర్చిపోయావే!"

"మర్చిపోలేదులే. చేతులు రాలేదు. ఒక్కటన్నా శుభ్రంగా ఉండనీ మే" అంది పెంచలమ్మ మొహం తిప్పుకుని.

తగువుకి టైము లేదు. ఫోను మోగింది. తెరలో సుగుణ, పక్కన కుర్చీలో తెల్లజుట్టు పాట్రిక్. ఇక్కడ దీపాల వేళ, అక్కడ మిట్టమధ్యాహ్నం. హైమ ఫోనుని పట్టాల పక్కన నిలబెట్టింది. "అత్తా, నువ్వూ వంగు. గడ్డం బల్లకి ఆనించి చూడు" అంది.

పెంచలమ్మ వంగింది.

అప్పుడేం జరిగిందో తెలుసా బంగారూ? బల్ల పోయింది. గది పోయింది. దూరంగా గుట్ట వెనకనుంచి ఒక దీపం వచ్చింది. ఇంజను గుర్రుమంది. జానెడు ఇంజను కొండంత అయింది. వంతెన దాటి, మలుపు తిరిగి, నేరుగా తన మీదకే వస్తోంది. వెనక బురద కొట్టుకున్న పెట్టెలు, వాటి తుప్పు చారలు, దుంపల బరువుకి ఊగుతున్నట్టే ఊగుతూ వస్తున్నాయి. తను అద్దిన ప్రతి మరకా తన కళ్ళముందు నుంచి పోతోంది. అది తను వేసింది కాదు, ఎన్నో చలికాలాలు వేసినట్టుంది. పెంచలమ్మ తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

అక్కడ పాట్రిక్ తెరకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. ఒక్కసారిగా చెయ్యెత్తి ఏదో అన్నాడు.

"ఆపమంటున్నాడక్కా. ఆ తెల్ల పెట్టె ఏమిటని అడుగుతున్నాడు" అంది సుగుణ.

హైమ బండి ఆపేసింది. పెంచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముసలాయన చాలాసేపు మాట్లాడాడు. సుగుణ అంతా విని, ఇటు తిరిగి చెప్పింది.

"అక్కా, ఆఖరి ఏడాది వర్క్‌షాపులో ఒక్క పెట్టెకి కొత్త రంగు వేశారట. వచ్చే ఏటికీ పనికొస్తుందని. వచ్చే ఏడు రాదని పాపం రంగేసినాయనకి తెలీదట. ఆ సంగతి నీకు చెప్పడం తాను మర్చిపోయాడట. మరి నీకెవరు చెప్పారని అడుగుతున్నాడు."

హైమ అత్తగారి వైపు చూసింది. పెంచలమ్మ తన చేతులు చూసుకుంది. గోళ్ళనిండా తుప్పు, మసి, బురద.

"నాకెవరు చెప్తారమ్మా. చేతులు రాలేదు, అంతే" అంది మెల్లగా. ఆ తర్వాత, "ఇంకోసారి నడుపు మే. ఆయన మళ్ళీ చూడాల. నేనూ చూడాల" అంది.

అప్పుడు బండి మళ్ళీ కదిలింది. ఆ రాత్రి అన్నం వేళకి పెంచలమ్మ చేతులు కడుక్కోవడం మర్చిపోయింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కళ్ళు మూతలు పడుతున్నాయా? అయితే ఇదిగో:

దుంపల బండి షెడ్డుకి,
మసి చేతులు తొట్టికి,
చల్లగ మన కథ కంచికి,
నువ్వూ నేనూ మంచానికి.