గాలిలో పెట్టిన గ్లాసు

శిష్యులు ఎంత పెద్ద ప్రశ్న అడిగినా, సుదర్శనం మాస్టారు ముందుగా కంచు గ్లాసెడు మజ్జిగ చేతికిచ్చేవారు. అది తాగేలోపు సగంమంది తామేం అడిగారో మర్చిపోతారని ఆయన్ని ఆటపట్టించేవాళ్లూ ఉన్నారు.

ఆరోజు వచ్చిన ఉత్పల మర్చిపోయే మనిషి కాదు. పదేళ్లు ఆయన దగ్గర కూచిపూడి నేర్చుకుని, ఇత్తడి పళ్లెం అంచున నిలబడి తరంగం ఆడిన పిల్ల. ఆ తర్వాత వ్యోమగామి అయి, ఎనిమిది నెలలు భూమి చుట్టూ తిరిగి వచ్చింది. అక్కడ బరువు లేదు. ఏది పైన, ఏది కింద అని లోచెవి చెప్పే కబురును మెదడు మెల్లగా పట్టించుకోవడం మానేసింది. దిగి మూడు నెలలైనా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. పళ్లెమెక్కితే చాలు, కళ్లు తిరిగి తూలిపోతోంది.

అక్కడున్నన్నాళ్లూ ఈ గచ్చునేల మీద పాదం తట్టాలని ఆమె అల్లాడిపోయింది. ఇప్పుడు నేల దొరికింది, ఆట పోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అక్కడి ఆ తేలికదనం మీద కూడా ఆమెకు బెంగగానే ఉంది.

ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గజ్జెల మూట బల్లమీద పెట్టింది.

“ఇవి ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి మాస్టారూ. ఒంటిని తెచ్చుకున్నాను గానీ, నేనింకా అక్కడే ఉండిపోయాను. ఎప్పటికైనా వస్తానంటారా?”

మాస్టారు మజ్జిగ ఇచ్చారు. ఉత్పల రెండు గుక్కలు తాగింది. మూట ముడి వదులైందని బిగించబోతూ, గ్లాసును పక్కనే గాలిలో పెట్టి వదిలేసింది. అక్కడ అందరూ అలాగే వదిలేసేవారు, వదిలిన వస్తువు దగ్గర్లోనే తేలుతూ ఉండేది. ఇక్కడ ఖంగుమని నేల మీద పడింది.

ఉత్పల రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. “చూశారుగా మాస్టారూ!”

“నేను గ్లాసు చూడలేదమ్మా, నీ కాలు చూశాను. దెబ్బ తగిలిందా?”

ఉత్పల కిందికి చూసింది. గ్లాసు పడినచోట ఇందాకటిదాకా తన కుడిపాదం ఉంది. ఇప్పుడది జానెడు వెనక ఉంది. ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు.

మాస్టారు గజ్జెల మూటను ఆమెవైపు జరిపారు.

“కాలు వచ్చేసిందమ్మా. చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఉండనీ, దానికి మాత్రం బెంగ ఉండదూ?”