లంక ఆకు మీద కాలిముద్ర

రాళ్లగుట్ట మీద గడ్డి మొలవదు. ఏటికి అవతలి లంకలో మాత్రం మోకాలెత్తు పచ్చిక. ఏటా చీటీ తీసి, గుట్ట మీది పది జంతువులను లంకవాళ్లు రానిస్తారు. చీటీ అంటే కాలిముద్ర వేసిన మోదుగాకు. దాన్ని రేవులో ఉండే లంకవాళ్ల కొంగకు ఇవ్వాలి.

గాడిద సూరమ్మకు మేత చాలక పాలు తగ్గాయి. పిల్ల డొక్కలు పైకి తేలాయి. ఈసారైనా లంకకు చేరాలి.

"ఈ ఆకుల గొడవ నీకెందుకు సూరమ్మక్కా, నేను చూసుకుంటాగా!" అంది నక్క. "గంపెడు తవుడియ్యి. నా కాలు లక్ష్మీపాదం, ఆ ముద్రే వేస్తా."

సూరమ్మ దాచుకున్న తవుడంతా ఇచ్చేసింది. పొట్టేలూ దున్నా ఇంకో అయిదూ ఇచ్చాయి.

మర్నాడు సూరమ్మ నీళ్లకు వెళ్లి కొంగనడిగింది. "బాబూ, మా ఆకు చేరిందా?"

"నీ గిట్ట ముద్రతో ఏదీ రాలేదే! ముద్ర ఎవరిదో చోటు వాళ్లది. ఒక కాలికి ఒక్కటే ఆకు, రెండోది దొరికితే ఆ కాలివన్నీ చించేస్తాం. రెండేళ్లు ఒళ్లు వంచి పని చేసుండాలి. అంతే, తవుడూ గివుడూ ఎవరడిగారు?"

సూరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా పిల్ల నోటికాడి తవుడు మింగి, నా చోటు కూడా మింగబోయిందా!"

నక్కతో మాత్రం ఒక్క మాటా అనలేదు. మిగతా ఏడింటినీ వెంటబెట్టుకుని రేవుకొచ్చింది. పొద్దుగూకేలోగా ఎవరి ముద్ర వాళ్లే వేసుకున్నారు.

చీటీ రోజున మొదటి ఆకు నక్కదే. తోక ఎగరేసింది. మూడోదీ దానిదే! కొంగకు అనుమానమొచ్చి కుప్పంతా వెతికితే నక్కవే ఎనిమిది తేలాయి.

"అవి వాళ్లకోసం వేసినవి!" అంది నక్క.

"మరి వాళ్ల కాళ్లేమయ్యాయి? పోనీ, రెండేళ్లలో నువ్వు చేసిన పని చెప్పు."

నక్క తోక ముడిచింది. సూరమ్మ వెనక్కి తిరిగి, బరువులు మోసి పుండ్లు పడ్డ వీపు చూపించింది. "పనంటే ఇదే సిగ్గులేనిదానా! మా తవుడు తియ్యి!"

దున్న కొమ్ములు వంచేసరికి నక్క గుహలోని తవుడంతా బయటికొచ్చింది. ఎనిమిది ఆకులూ చిరిగి ఏట్లో కలిశాయి.

ఆ సంవత్సరం చీటీలో దున్న ఆకు పడింది, సూరమ్మది పడలేదు. కానీ ఆ సాయంత్రం పిల్ల కడుపు నిండా పాలు తాగింది. వచ్చే ఏటికి సూరమ్మ మోదుగాకు ఏరి పెట్టుకుంది.

నువ్వు నడిచి వెళ్లాల్సిన చోటికి ఇంకొకరి కాలిముద్ర పనికిరాదు.