ఉత్తరకాశీలో పులిసిన పిండి

మా గురువుగారు విశ్వపతిగారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పరు. ముందు అడిగినవాడి మొహంలోకి కాసేపు చూస్తారు. వాడు నిజంగా తెలియక అడుగుతున్నాడా, లేక జవాబు ఇంట్లోనే తయారుచేసుకుని వచ్చి తన చేత ఔననిపించుకోడానికి అడుగుతున్నాడా అని ఆ చూపు. రెండో రకం వాళ్ళే ఎక్కువ. నేనూ ఆ బాపతే కనక నాకు తెలుసు. అలాంటివాళ్ళతో ఆయన వాదం పెట్టుకోరు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఆ ఆదివారం అడిగినవాడు జనార్దన్. ఇంజనీరు. హిమాచల్ కొండల్లో సొరంగాలు తవ్వే పనిలో తొమ్మిదేళ్ళు ఉన్నాడు. అక్కడి చలికి ఊపిరాడక అవస్థపడుతూ ఉంటే నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున మంచి ఉద్యోగం దొరికింది. వచ్చి రెండు నెలలైంది. దగ్గు పోయింది, జీతం పెరిగింది, మనిషి కాస్త ఒళ్ళు కూడా చేశాడు. సామాను మాత్రం ఇంకా అక్కడి క్వార్టర్లోనే ఉంది. ఒక్కసారి వచ్చి అందరికీ కనిపించి, సామాను తీసుకుపొమ్మని పాత సహోద్యోగులు కబురు మీద కబురు పెడుతున్నారు. ఇతను తను వెళ్ళకుండా లారీ మాట్లాడేశాడు.

"మనిషి ఎక్కడికి వెళ్ళినా తన పనితనం తనతోనే వస్తుంది కదండీ గురువుగారూ" అన్నాడు. "నేను చూసిన తొమ్మిదేళ్ళలో మా సొరంగంలో ఒక్క ప్రాణం పోలేదు. ఆ పేరు చూసే ఇక్కడ పిలిచి ఉద్యోగమిచ్చారు. ఆ పేరు నాతో వచ్చేసింది. ఇంక అక్కడ నాదంటూ ఏం మిగిలిందని మళ్ళీ వెళ్ళడం?"

మాట బాగానే ఉంది. మాలో ఇద్దరు ముగ్గురు తలలు కూడా ఊపారు. గురువుగారు ఊపలేదు. "పనితనమంటే జ్ఞాపకం వచ్చింది. ఒకప్పుడు నా చేతికి చాలా పేరుండేది నాయనా" అని మొదలుపెట్టారు.

ఆయన వేదాంతం చెప్పడానికి ముందు వంట చేసేవారని మా అందరికీ తెలుసు. పదిహేడో ఏట ఇంట్లో చెప్పకుండా కాశీ రైలెక్కి, అటునుంచి అటే ఉత్తరకాశీ చేరుకుని, గంగ ఒడ్డున ఒక ఆంధ్ర సత్రంలో వంటపనిలో చేరారు. గరిటె పట్టడం నేర్చుకున్నదే అక్కడ. అయిదేళ్ళకి పెద్ద వంటవాడు పోతే ఆ చోటు ఈయనకి వచ్చింది.

ఆ సత్రంలో చలికాలం కూడా సాధువులు, జపం చేసుకోడానికి వచ్చినవాళ్ళు కలిసి నలభైమందికి తగ్గేవారు కారు. అందులో సగంమంది తెలుగువాళ్ళు. తెలుగువాడు హిమాలయాలకి వెళ్ళి భార్యాబిడ్డల్ని వదిలేయగలడు గాని ఇడ్లీని వదలలేడు. వచ్చిన చిక్కల్లా చలితోనే. మాఘమాసంలో అక్కడ పిండి రుబ్బిపెడితే మూడు రోజులైనా పులవదు, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. చుట్టుపక్కల సత్రాల వంటవాళ్ళు దీపావళి వెళ్ళగానే ఇడ్లీ కట్టిపెట్టి ఉప్మాలోకి దిగేవారు. ఒక్క విశ్వపతిగారి పిండి మాత్రం ఏ రోజుకారోజు గిన్నె అంచుదాకా పొంగేది. ఆయన చేసేదల్లా గోరువెచ్చని నీళ్ళతో రుబ్బించడం, కుడిచేత్తో మూడుసార్లు కలపడం, గిన్నెకి గోనెపట్టా చుట్టి వెళ్ళి పడుకోవడం. ఇంకొకరు అచ్చం అలాగే చేసినా పొంగేది కాదు. అందుకని అందరూ అది హస్తవాసి అన్నారు. ఈయన కాదనలేదు. పొరుగు సత్రాలవాళ్ళు వచ్చి తమ పిండిలో ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళమని బతిమాలితే వెళ్ళి పెట్టేవారట. అక్కడ పొంగకపోతే వాళ్ళ గిన్నెలోనే ఏదో దోషం ఉందని చెప్పి వచ్చేవారట.

ఆయన మడి కూడా గట్టిది. పిండిగిన్నెని ఆయన తప్ప ఇంకొకరు తాకడానికి వీల్లేదు. అంట్లు తోమడానికి బచనీ అని ఒక కొండమనిషి ఉండేది. భర్త పోయిన మనిషి, వంటగదికి ఆనుకుని ఉన్న వసారాలో పడుకునేది. ఒకసారి ఆవిడ కొంగు పిండిగిన్నెకి తగిలిందని నలభైమందికి సరిపడే పిండీ గంగలో పారబోయించారు. "ఆవిడ ఏ కులమో నేను అడగలేదు. అడక్కుండానే తేల్చేశాను. అప్పట్లో 'అది' అనే అనేవాణ్ణి. 'ఆవిడ' అనడం చాలా తర్వాత నేర్చుకున్నాను" అన్నారు గురువుగారు, ఎవరివంకా చూడకుండా.

ముప్పై ఆరో ఏట చలికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. అదే సమయానికి రామేశ్వరంలో ఒక పెద్ద సత్రంవాళ్ళు ఈ చేతి మహిమ సంగతి విని రమ్మన్నారు. జీతం రెట్టింపు, చలి సున్నా. దేశం ఆ కొస నుంచి ఈ కొసకి దిగి వచ్చేశారు. మొదటి రోజు అలవాటు చొప్పున పిండిగిన్నెకి గోనె చుట్టి పొయ్యి పక్కనే పెట్టారు. తెల్లారి చూస్తే పిండి గిన్నె దిగి, గట్టు దిగి, పుల్లటి కంపు కొడుతూ గుమ్మందాకా వచ్చి ఉంది. లోకజ్ఞానం ఉన్నవాడెవడైనా ఉక్కకి పులిసిపోయిందనుకుంటాడు. ఈయన తన హస్తవాసికి సముద్రపు గాలి బాగా పడిందనుకున్నారు.

రెండేళ్ళు గడిచాయి. ఉత్తరకాశీ సత్రం మేనేజరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీరు వెళ్ళిన దగ్గర్నుంచి చలికాలంలో ఒక్కనాడు కూడా పిండి పొంగలేదు, కొత్త వంటవాడు మీరు చెప్పిన పద్ధతి అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాడు, ఒక్కసారి వచ్చి చూపించి వెళ్ళండి అని. ఆ ఉత్తరం ఈయన చదివి వినిపించని మనిషి రామేశ్వరంలో లేడట. సరిగ్గా మాఘమాసం చూసుకుని మరీ వెళ్ళారు, చలి ఎంత ఎక్కువుంటే మహిమ అంత బాగా కనిపిస్తుందని.

సత్రమంతా చుట్టూ మూగింది. ఈయన స్నానం చేసి, మడి కట్టుకుని, పిండిలో చెయ్యి పెట్టి మూడుసార్లు తిప్పి గోనె చుట్టారు. మర్నాడు పొద్దున గోనె విప్పితే పిండి నిన్న ఎంత ఉందో అంతే ఉంది. ప్రయాణపు బడలిక అన్నారు. రెండోరోజూ అంతే. మినుములు పాతవన్నారు. మూడోరోజు చూడటానికి ఎవరూ రాలేదు. ఎదురుగా నిలబడి నవ్వినా బాగుండేది, అందరూ మర్యాదగా కూర్చుని ఉప్మా తిన్నారు. ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ పూటే మేనేజరు మాటవరసకి, బచనీ కూడా మీరు వెళ్ళిన ఏడాదే పని మానేసి ఊరెళ్ళిపోయిందనీ, అంత నమ్మకమైన మనిషి మళ్ళీ దొరకలేదనీ అన్నాడు. వంటగదిలో గిన్నె పెట్టే చోటేమైనా మారిందేమో, అన్నేళ్ళు అక్కడే మసిలిన మనిషికి తెలిసి ఉంటుందని ఈయనకి తోచింది. పట్టేసిన మోకాళ్ళతో కొండెక్కి ఆవిడ ఊరు వెళ్ళారు.

ఆవిడ ఇంటిముందు ఎండలో కూర్చుని రాజ్‌మా గింజలు ఏరుకుంటోంది. సగానికి సగం చిక్కిపోయింది. ఈయన్ని చూసి మహా సంతోషపడి లేచి, చాప పరిచి, తన నీడ కూడా ఆయన మీద పడకుండా దూరంగా వెళ్ళి నిలబడింది. సంగతంతా విని పకపకా నవ్వింది.

"ఆ చలికి చెయ్యి పెట్టినంత మాత్రాన పొంగుతుందా పండిట్‌జీ? మీరు పడుకున్నాక నా దూది రజాయి తెచ్చి గిన్నెకి చుట్టేదాన్ని. మీరు లేచేలోగా తీసేసేదాన్ని."

ఎందుకు చేశావని అడిగారు ఈయన. ఆవిడకి ఆ ప్రశ్న వింతగా తోచింది. ఈయన పెద్ద వంటవాడైన మొదటి చలికాలం, ఇడ్లీ చేసిపెడతానని గొప్పలకి పోయి ఒప్పుకుని, వారంరోజులు పిండి పులవక, మేనేజరు పంపించేస్తానంటే గిన్నెముందు కూర్చుని ఏడ్చారట. అది ఆవిడ చూసింది. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమన్నారు ఈయన. "చెబితే పిండి పారబోసేవారుగా. పొద్దున్నే అంతమంది ఆకలితో వచ్చి కూర్చునేవారు" అంది.

మరి నువ్వు ఏం కప్పుకునేదానివని అడగడానికి ఈయనకి కొంచెంసేపు పట్టింది. పొయ్యిలో బూడిద తెల్లవార్లూ వెచ్చగానే ఉంటుందని చెప్పి, ఆవిడ పక్కకి తిరిగి దగ్గింది. పద్నాలుగు చలికాలాల దగ్గు. అది ఆగేదాకా ఈయన చాప మీద కూర్చునే ఉన్నారు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. కథ అయిపోయిందని మేం కాళ్ళు సర్దుకుంటూ ఉంటే మళ్ళీ అందుకున్నారు. "ఒక్క మాట దాటేశాను. అది చెప్పకపోతే ఇంత చెప్పడమూ దండగే."

రామేశ్వరం బయల్దేరినరోజు ఆయన సామాను బస్సుదాకా మోసింది బచనీయే. తల మీద ట్రంకుపెట్టె, చంకలో ఆయన రజాయి మూట. బస్సు దగ్గర మూట దించుతూ అడిగింది. "మీరు వెళ్ళే ఊళ్ళో చలే ఉండదంటున్నారు కదా పండిట్‌జీ, ఇది నాకిచ్చి వెళ్తారా?" అన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. ఈయన పక్కనున్న మేనేజరుతో, అంట్లు తోమేవాళ్ళకి కూడా ఆశలు బాగా పెరిగాయండీ అని నవ్వి, మూట బస్సు మీద వేయించుకున్నారు. రామేశ్వరంలో దాన్ని ఒక్కరోజైనా కప్పుకోలేదు. పెట్టెలోనే చిమటలు కొట్టేశాయి.

"సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అది నాలాంటివాణ్ణి చూసే అని ఉంటారు" అన్నారు గురువుగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, వందలమందికి జ్ఞానం చెప్పిన మనిషి, మా ఎదుట బడిలో తప్పు చేసి దొరికిపోయినవాడిలా కూర్చున్నారు. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. నా ఉద్యోగంలో నాకొచ్చిన మంచి పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటి వెనక ఎవరున్నారో చూడాలంటే భయం వేసి, గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

జనార్దన్ నోరు విప్పాడు. వచ్చినప్పటి గొంతు కాదు.

"మా దగ్గర ఠాకుర్‌దాస్ అని ఒక ముసలాయన ఉండేవాడండీ. రోజూ షిఫ్టుకి ముందు ఒక్కడే లోపలికి వెళ్ళి, ఇనప కడ్డీతో పైకప్పు రాయిని కొడుతూ చప్పుడు వినేవాడు. ఆయన వెళ్ళొచ్చు అంటేనే మనుషుల్ని పంపేవాణ్ణి. వయసు మీరిందని ఆయన్ని పనిలోంచి తీసేశారు. నేను వచ్చేసే ముందు వారమే. ఆ కాగితం మీద సంతకం నాదే. చెవులు ఇంకా బాగానే వినిపిస్తున్నాయి సాబ్ అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను."

లారీ సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అతను చొక్కా చివర నలుపుతూ, చివరికి అడగవలసింది అడిగాడు. ఈసారి మాత్రం నిజంగా తెలియకే అడిగాడు.

"ఆవిడ మిమ్మల్ని క్షమించిందా గురువుగారూ?"

"మర్నాడే బజారుకి వెళ్ళి కొత్త రజాయి కొని తీసుకెళ్ళి ఇచ్చాను. ఎంత దయ పండిట్‌జీ అని రెండు చేతులా దణ్ణం పెట్టి పుచ్చుకుంది" అన్నారు ఆయన. మోకాలు నిమురుకుంటూ, "కోపం వస్తే కదా నాయనా క్షమించడానికి. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి" అన్నారు.